సీఎన్‌సీ క్యారేజ్ ఇరుక్కుంటోందా? సెట్టింగ్స్ జోలికి తర్వాత వెళ్లండి!

ఫోన్ హ్యాంగ్ అయితే మనం మొదట చేసే పని రీస్టార్ట్. దానికీ లొంగకపోతే సెట్టింగ్స్, చివరికి ఫ్యాక్టరీ రీసెట్. ఇంట్లో చెక్క చెక్కే చిన్న సీఎన్‌సీ మెషిన్ కొన్నాక కూడా మన చేతులు అదే అలవాటుతో వెళ్తాయి. నా లెక్కలో మనం తప్పు చేసేది సరిగ్గా ఇక్కడే.

నా దగ్గరున్నది 3018 రకం మెషిన్, అంటే సుమారు 300 x 180 మిల్లీమీటర్ల మేర చెక్కేది. నాన్న షాపు కోసం టేకు పలక మీద పేరు చెక్కడం మొదలుపెట్టా. "శ్రీ" చక్కగా వచ్చింది. తర్వాత అక్షరం మధ్యలో ఉండగా ఎక్స్ యాక్సిస్ క్యారేజ్ ఒక చోట గర్‌ర్‌ మని ఆగి, మళ్లీ కదిలింది. అంతే! అక్కడి నుంచి చెక్కిందంతా 3 మిల్లీమీటర్లు పక్కకి జరిగిపోయింది. తలకట్టు ఒక చోట, అక్షరం ఇంకో చోట.

ఇలా ఎందుకంటే, ఈ మెషిన్లలో స్టెప్పర్ మోటార్‌కి "ఇన్ని అడుగులు వెయ్యి" అని చెప్పడమే తప్ప, వేసిందో లేదో చూసే సెన్సర్ సాధారణంగా ఉండదు. క్యారేజ్ ఇరుక్కున్నా బోర్డు మాత్రం కదిలిందనే అనుకుంటుంది.

నేను చేసిన తప్పులు

మొదట జీఆర్‌బీఎల్ సెట్టింగ్స్‌లో $110, $120 మార్చి స్పీడు, యాక్సిలరేషన్ తగ్గించా. కాసేపు బాగానే నడిచి, రెండో పలకనూ పాడుచేసింది. తర్వాత డ్రైవర్ మీదుండే చిన్న స్క్రూ తిప్పి కరెంట్ పెంచా. మోటార్ చెయ్యి పెట్టలేనంత వేడెక్కింది కానీ క్యారేజ్ మాత్రం అదే చోట ఇరుక్కుంది. కొత్త మోటార్ ఆర్డర్ పెట్టబోయి ఆగా.

"అదే చోట" అన్నదే అసలు క్లూ. ముందే పట్టించుకుని ఉంటే రెండో పలక మిగిలేది.

ముందు చేత్తో తిప్పి చూడండి

పవర్ పూర్తిగా ఆఫ్ చేయండి. కప్లర్ లూజ్ చేసి, లీడ్ స్క్రూని వేళ్లతో మెల్లగా ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పండి. ఎక్కడ బిగుస్తుందో వేళ్లకే తెలిసిపోతుంది.

- ప్రతిసారీ ఒకే చోట బిగిస్తే: మరలో చెత్త, లేదా రాడ్ మీద గీత, సొట్ట.
- ఒక్కో చుట్టుకి ఒక్కోసారి బిగిస్తే: స్క్రూ వంగి ఉండొచ్చు.
- మధ్యలో ఫ్రీగా ఉండి, చివర్లో బిగిస్తే: నట్ అలైన్‌మెంట్ తేడా. క్యారేజ్‌ని ఆ చివరకి తెచ్చి, నట్ స్క్రూలు వదులు చేసి, అది తనంతట తాను సర్దుకున్నాక బిగించండి.
- చేతికి అంతా ఫ్రీగానే ఉన్నా, నడిచేటప్పుడు ఎక్కడపడితే అక్కడ ఆగితే: అప్పుడు కప్లర్ జారుతోందా, వైర్లు లూజా, డ్రైవర్ వేడెక్కుతోందా అని చూడండి. స్పీడు, కరెంట్ సెట్టింగ్స్ వంతు ఇప్పుడే.

ఒక్క జాగ్రత్త: పవర్ ఆన్‌లో ఉండగా మోటార్ వైరు పీకకండి, డ్రైవర్ కాలిపోయే ప్రమాదం ఉంది.

నా మెషిన్‌లో దొరికిందేంటో తెలుసా? మెషిన్ నున్నగా నడవాలని మొదటి రోజు స్క్రూకి నేనే దండిగా పూసిన నూనె. టేకు పొడి దాంట్లో కలిసి, ముద్దయి, మరల్లో గట్టిగా పట్టేసింది. పాత టూత్‌బ్రష్‌తో గీకి, బట్టతో తుడిచి, డ్రై పీటీఎఫ్ఈ లూబ్రికెంట్ కొట్టా. అరగంట పని, అంతే. మోటార్‌కి ఏ రోగమూ లేదు. కరెంట్‌ని కూడా పాత సెట్టింగ్‌కే తెచ్చేశా.

కరెంట్ పెంచమని చెప్పేవాళ్లది పూర్తిగా తప్పని అనను. ఫ్యాక్టరీ నుంచే తక్కువగా సెట్ చేసి వస్తే పెంచాల్సిందే. కానీ చేత్తో తిప్పి చూడకుండా పెంచితే, జ్వరం ఎందుకొచ్చిందో చూడకుండా మాత్ర మింగినట్టే.

రివ్యూలు కూడా మారాలి

ఇందులో మా రివ్యూ రాసేవాళ్ల తప్పూ ఉంది. స్పిండిల్ ఎన్ని ఆర్‌పీఎం, ఎంత సైజు చెక్కుతుంది, అసెంబ్లీకి ఎంతసేపు పట్టింది అని మార్కులు వేసి వదిలేస్తాం. అవన్నీ మొదటి వారం ముచ్చట్లు. నెల రోజులు పొడిలో నడిచాక ఎలా ఉంది? స్క్రూకి బ్రష్ అందుతుందా, లేక సగం మెషిన్ విప్పాలా? ఏ భాగానికి ఏ నూనె వేయాలో మాన్యువల్‌లో రాశారా? నన్నడిగితే మార్కుల్లో సగం వీటికే ఇవ్వాలి.

నాన్న షాపు బోర్డు మూడో పలక మీద సరిగ్గా వచ్చింది. మీరు మాత్రం మొదటి పలక బిగించే ముందే ఒక్కసారి ఆ స్క్రూ తిప్పి చూడండి. టేకు ఏమంత చవగ్గా దొరకట్లేదు కదా!