పసిబిడ్డల ప్రాణము – పక్కనున్న చేయి

తల్లి పొలమునకో, కూలికో పోవుచు మూడేండ్ల బిడ్డను అంగన్‌వాడీలో దింపిపోవునప్పుడు, ఆ బిడ్డ అన్నమును అక్షరమును మాత్రమే గాక ప్రాణమును సైతము అచ్చటి టీచరుకును ఆయాకును అప్పగించి పోవుచున్నది. అన్నమునుగూర్చి ప్రభుత్వములు లెక్కలు వ్రాయించుచున్నవి. గ్రుడ్లెన్ని, పాలెన్ని, బిడ్డ బరువెంత, పొడవెంత – ఇవన్నియు దినదినము ఫోనులలో నెక్కుచున్నవి. మంచిదే. కాని ఆ బిడ్డ గొంతున శెనగగింజ యడ్డుపడినచో నేమి చేయవలెనో ఆ గదిలోని యిద్దరిలో నొక్కరికైనను చేతితో చేసి చూపి నేర్పినవారెవరు? ఏ రిజిస్టరులో నున్నది ఆ లెక్క?

1975 అక్టోబరు 2వ తేదీన 33 బ్లాకులలో ప్రారంభమైన శిశుసేవా పథకము నేడు దేశమంతట వ్యాపించినది. ఆంధ్రప్రదేశమున 55 వేలకు పైగాను, తెలంగాణమున 35 వేలకు పైగాను కేంద్రములు గలవు. 2005 ఆగస్టు 15వ తేదీన హైదరాబాదున మొదలైన 108 అంబులెన్సు తెలుగువారికి గర్వకారణమే. అయినను, ఊపిరి నిలిచిన బిడ్డకు 108 వేగము చాలదు. ప్రాణవాయు వందని మెదడు నాలుగైదు నిమిషములలోనే చెడ నారంభించును. ఆ నిమిషములు వైద్యునివి కావు, పక్కనున్నవారివి.

పొలమారినవాని తలపై తట్టి ‘ఎవరో తలచుకొనుచున్నారు’ అనుట మన యింటి ముచ్చట. ఊపిరాడని బిడ్డకు ఆ ముచ్చట పనికిరాదు. బిడ్డ గట్టిగా దగ్గుచున్నంతసేపు దగ్గనీయవలెను. దగ్గు నీరసించి, గొంతు పెగలక, పెదవులు నీలమెక్కినచో నిక ఆలస్యము కూడదు. ఏడాది నిండని శిశువును ముంజేతిపై బోరగిల పరుండబెట్టి, తల ఱొమ్ముకంటె క్రిందుగా నుంచి, రెక్కల నడుమ అరచేతి మడమతో ఐదు చరుపులు చరచవలెను. వస్తువు వెలువడనిచో వెల్లకిల త్రిప్పి ఱొమ్ము నడిమి యెముకపై ఐదుమారులు నొక్కవలెను. ఏడాది దాటిన బిడ్డకు వీపుపై ఐదు చరుపుల తరువాత, వెనుకనుండి పట్టుకొని, బొడ్డునకు కొంచెము పైగా పొట్టను లోనికిని పైకిని ఐదుమారులు అదుమవలెను. శిశువునకు మాత్రము పొట్ట నదుమరాదు. లోని కాలేయము చితుకును. వస్తువు కంటికి కనబడకయే నోట వ్రేలుపెట్టి వెదకుట మఱియు ప్రమాదము. అది యింకను లోనికి దిగును. స్పృహ తప్పినచో 108కు ఫోను చేయించి, ఱొమ్మును ముప్పదిమారులు నొక్కి రెండుమారులు ఊపిరి యూదుచు, సహాయము వచ్చువరకు సాగింపవలెను. ఇది చదివినవారికి వచ్చు విద్య కాదు. ఈత పుస్తకమువలన వచ్చునా? బొమ్మపై చేసి చేసి నేర్వవలసినది.

కాలిన గాయముల సంగతి వేఱు. అచ్చట నేమి చేయవలెనో తెలియకపోవుటకంటె, తెలిసినదనుకొన్నదే హాని చేయుచున్నది. పలు కేంద్రములలో పిల్లలు కూర్చుండు గదికిని పొయ్యికిని నడుమ తలుపైనను లేదు. పప్పుగిన్నె తొలికినచో మనవారు సిరా పోయుదురు, టూత్‌పేస్టు పూయుదురు, పసుపు నెయ్యి రాచుదురు. ఇవన్నియు వేడిని లోపలనే నిలుపును. వైద్యునకు గాయము కనబడనీయవు. కావలసినది చల్లని పారునీరు, ఇరువది నిమిషములు. మంచుగడ్డ కూడదు. అంటుకొన్న బట్టను లాగరాదు. ఇరువది నిమిషములనగా గడియారము చూచి ఇరువది. బిడ్డ యేడ్పు తగ్గువరకు కాదు.

జ్వరపు మూర్ఛ ఆఱునెలలనుండి ఐదేండ్లవరకు గల బిడ్డలకు వచ్చును. చూచువారికి గుండె ఝల్లుమనును. ఆ భయమునుండి పుట్టినవే చేతిలో తాళపుచెవులు పెట్టుట, పండ్లనడుమ చెంచా దూర్చుట, ఉల్లిపాయ వాసన చూపుట. కొన్నియూళ్లలో వాతలు సైతము పెట్టుచుండిరి. బిడ్డను ప్రక్కకు త్రిప్పి పరుండబెట్టి, నోట నేమియు పెట్టక, ఎంతసేపు వచ్చినదో గడియారమున చూడవలెను. ఐదు నిమిషములు మించినచో 108. కిరసనాయిలు త్రాగిన బిడ్డకు వాంతి చేయింపరాదు. అది ఊపిరితిత్తులలోనికి పోవును. వెంటనే ఆసుపత్రి.

విరేచనములకు మందు కనుగొనుటలో మన దేశస్థుని పాలు గొప్పది. 1971లో బంగ్లా శరణార్థి శిబిరమున కలరా రోగులకు ఉప్పు, గ్లూకోజు, వంటసోడా కలిపిన నీరు త్రాగించి వేలమందిని కాపాడిన డాక్టరు దిలీప్ మహలనబిస్‌కు, మరణానంతరము 2023లో పద్మవిభూషణ మిచ్చిరి. అట్టి మందు పేరును తగిలించుకొని తీపిపానీయములు అంగళ్లలో నమ్ముడుపోవుచుండెను. హైదరాబాదు శిశువైద్యురాలు డాక్టరు శివరంజని సంతోష్ ఏండ్లతరబడి పోరాడగా, 2025 అక్టోబరులో కేంద్ర ఆహారభద్రతా సంస్థ అట్టి పానీయములపై ఓఆర్‌ఎస్ అను పేరు వాడరాదని యాజ్ఞాపించినది. లీటరు పొట్లమును లీటరు నీటిలోనే కలుపవలెనన్న సంగతియు ప్రతి కేంద్రమున గోడపై వ్రాయదగినది.

టీచర్లు వెనుదీయుటకు అజ్ఞానమొకటే కారణము కాదు. ‘ముట్టుకొన్నచో నామీదికి వచ్చును’ అను భయము గలదు. న్యాయవాదవృత్తి నెఱుగుదుము గనుక ఈ భయమునకు సమాధానము చెప్పగలము. భారతీయ న్యాయసంహిత 30వ సెక్షను – వెనుకటి శిక్షాస్మృతిలో 92వది – సంరక్షకుని యనుమతి పొందుటకు వ్యవధి లేనప్పుడు బిడ్డ మేలుకొఱకు సద్భావముతో చేసిన పనిని నేరముగా నెన్నదు. మండుచున్న యింటిపైనుండి, క్రింద దుప్పటి పట్టినవారిలోనికి బిడ్డను జారవిడిచినవానిని ఆ సెక్షనే దృష్టాంతముగా చెప్పుచున్నది. అయితే తగిన జాగరూకత లేని పని సద్భావము కాదనియు ఆ చట్టమే నిర్వచించినది. కనుక శిక్షణ బిడ్డకే కాదు, టీచరుకును రక్ష. ఆ రక్షను కల్పింపక యుండి, ప్రమాదమైన నాడు ఆమెనే సస్పెండు చేయుట న్యాయమా?

1948 సంవత్సరపు ఫ్యాక్టరీల చట్టము 45వ సెక్షను 150 మంది పనివారికొక ప్రథమచికిత్స పెట్టెను విధించి, ఆ పెట్టె సర్టిఫికెటు గలవాని యధీనమున నుండవలెననియు, అతడు పనివేళలలో నెల్లప్పుడు అందుబాటున నుండవలెననియు విధించియుండెను. పెద్దవారికి 1948లోనే అవసరమని తోచినది, నోరులేని పసివారికి అక్కఱలేకపోవునా? కేంద్రములకు మందులపెట్టె యిచ్చినంతమాత్రమున చాలదు.

టీచరుకు పని యెక్కువైనదందురు. నిజమే, గౌరవవేతనముపై బ్రతుకువారిపై మఱియొక బరువు మోపుట మాకును సమ్మతము కాదు. రిజిస్టరొకటి తగ్గింపుడు. నెలనెల జరుగు సెక్టారు సమావేశమున ఒక గంట తీసి, శిశువు బొమ్మ నొకటి, బాలుని బొమ్మ నొకటి యుంచి, ప్రాథమిక ఆరోగ్యకేంద్రపు వైద్యునిచేతనో నర్సుచేతనో ఆఱునెలలకొకమారు చేయించి చూడవలెను. ఏడాదికే చేయి మఱచును. ఆయాను మఱువరాదు. టీచరు సమావేశమునకు పోయిన దినమున పిల్లలతో మిగులునది ఆమెయే. జిల్లా కలెక్టర్లు వచ్చు త్రైమాసికముననే దీనిని మొదలిడవచ్చును. శాసనసభ చేయవలసినది లేదు. ఒక యుత్తరువు చాలును.