మూడో స్థానమే మిన్న!

పిల్లాడు మూడో ర్యాంకు తెచ్చాడనుకోండి. ‘మరి మొదటి ర్యాంకు ఎవరికొచ్చింది?’ అని అడుగుతాం. ఫ్రెంచి గాయని ఇజబెల్ ఓబ్రే కథ వింటే ఆ ప్రశ్న అడగబుద్ధి కాదు.

లీల్ నగరంలో 1938లో పుట్టిందామె. కార్మిక కుటుంబం. చిన్న వయసులోనే నూలు మిల్లులో పనికి చేరింది. జిమ్నాస్టిక్స్‌లో జాతీయ స్థాయి విజేత కూడా. తర్వాత పాటే లోకమైంది.

యూరప్ దేశాలు ఏటా పోటీపడే పాటల పండగ యూరోవిజన్. దేశానికి ఒకే పాట. అప్పట్లో పరాయి దేశాల న్యాయనిర్ణేతలే మార్కులేసేవారు. 1962లో లక్సెంబర్గ్‌లో జరిగిన పోటీకి ఫ్రాన్స్ తరఫున ఓబ్రే వెళ్లింది. తొలి ప్రేమ గురించిన పాట పాడింది. వచ్చినవి 26 పాయింట్లు. రెండో స్థానంలో ఉన్న మొనాకోకు పదమూడే! సరిగ్గా సగం.

ఇక తిరుగులేదనుకున్నారంతా. కానీ 1963లో ఘోరమైన కారు ప్రమాదం. ఒళ్లంతా ఎముకలు విరిగాయి. ఆపరేషన్ల మీద ఆపరేషన్లు. ‘ద అంబ్రెల్లాస్ ఆఫ్ షెర్‌బూర్’ సినిమాలో నాయిక వేషానికి ఆమెనే అనుకున్నారు. ప్రమాదంతో ఆ అవకాశం కాథరిన్ డెనవ్‌కి వెళ్లింది. ఆ సినిమా డెనవ్‌ని పెద్ద తారను చేసింది.

ఆ కష్టకాలంలో తోటి కళాకారులే ఓబ్రేకి అండగా నిలిచారు. గాయకుడు జాక్ బ్రెల్ తన పాటల్లో ఒకదాని హక్కుల్ని ఆమెకు రాసిచ్చేశాడు. జాఁ ఫెరా ‘జీవితం అందమైనది’ అనే అర్థం వచ్చే పాటకు ఆమె కోసం బాణీ కట్టాడు. చావు అంచుదాకా వెళ్లొచ్చిన మనిషి పాడటంతో ఆ పాట ఫ్రెంచి వాళ్ల గుండెల్లో నిలిచిపోయింది.

1968లో మళ్లీ యూరోవిజన్. ఈసారి వేదిక లండన్‌లోని రాయల్ ఆల్బర్ట్ హాల్. ఓబ్రేకి 20 పాయింట్లు, మూడో స్థానం. ఆ ఏడు గెలిచింది స్పెయిన్. ఒకే ఒక్క పాయింటు తేడాతో బ్రిటన్ గాయకుడు క్లిఫ్ రిచర్డ్ ఓడిపోయాడు. అందరూ ఆ ఒక్క పాయింటు గురించే మాట్లాడుకున్నారు. కానీ ఆ వేదిక మీదికి అందరికంటే ఎక్కువ దూరం నడిచొచ్చింది ఓబ్రేనే.

ఎనభైల మొదట్లో ఓ ప్రదర్శన కోసం ట్రపీజు సాధన చేస్తూ కిందపడి కాళ్లు విరగ్గొట్టుకుంది. మళ్లీ లేచింది. మళ్లీ పాడింది. పారిస్‌లోని ఒలింపియా హాల్లో వీడ్కోలు కచేరీ చేసింది 2016లో, 78 ఏళ్ల వయసులో!

ఈసారి పిల్లాడు మూడో ర్యాంకు తెస్తే, ముందు వాడెక్కడి నుంచి బయల్దేరాడో ఓసారి గుర్తుచేసుకుందాం.