కర్త ఎవరో అడగడం నేర్పుదాం

చిన్న తరగతుల పిల్లలకు కర్త, కర్మ, క్రియ చెప్పాలంటే పంతుళ్లకు ఎప్పుడూ ఒకటే వాక్యం దొరుకుతుంది: రాముడు రావణుని చంపెను. పిల్లలు దాన్ని పాటలాగా అప్పజెబుతారు. అదే 'అమ్మ నారు నాటింది'లో కర్త ఎవర్రా అని అడిగితే నోరు తెరవరు. తప్పు పిల్లలది కాదు. తమ ఇంట్లో మాట్లాడే మాటకు కూడా వ్యాకరణం ఉంటుందని వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

చెప్పడం కష్టమేమీ కాదు. తెలుగులో క్రియ మామూలుగా వాక్యం చివర ఉంటుంది. అక్కణ్ణించే మొదలుపెట్టాలి. అమ్మ ఏం చేసింది? నాటింది. అది క్రియ. నాటింది ఎవరు? అమ్మ. ఆమె కర్త. ఏం నాటింది? నారు. అది కర్మ. మూడే మూడు ప్రశ్నలు. బడి ముఖం చూడని తల్లి కూడా కూలి నుంచి వచ్చాక పొయ్యి దగ్గర కూర్చుని పిల్లల్ని అడగొచ్చు. 'పాప నవ్వింది'లో కర్మ ఉండదు. 'ఇది మా వాడ'లో క్రియే ఉండదు. అవి కూడా వాక్యాలే. 'నిన్న వచ్చాను'లో కర్త కనపడకపోయినా, చివరి 'ను'లో 'నేను' దాగి ఉంది.

కర్మ అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. మన ముసలోళ్లు దేనికైనా 'అంతా మన కర్మ' అంటారు. అది వింటూ పెరిగిన పిల్లలకు విడమరిచి చెప్పాలి: వ్యాకరణంలో కర్మ అంటే తలరాత కాదు. ఒకరు చేసిన పని ఎవరి మీద, దేని మీద పడుతుందో అది కర్మ. కర్మ ఉందంటే దాని వెనక కర్త ఉండి తీరాలి.

కర్తను దాచే వాక్యాలు కూడా ఉన్నాయి. 'చెరువు తవ్వబడింది.' ఎవరు తవ్వారు? 'షాజహాన్ తాజ్‌మహల్ కట్టించాడు.' కట్టించింది ఆయన, మరి కట్టింది ఎవరు? ఆ 'ఇంచు' కింద రాళ్లు మోసినోళ్లు వేలమంది కనపడకుండా పోయారు. 'దళితులపై దాడి జరిగింది.' దానంతటదే జరగడానికి దాడి ఏమన్నా వానా, గాలా? 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురిని, 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమందిని అగ్రకుల మూకలు చంపాయి. చుండూరు కేసులో ప్రత్యేక కోర్టు 2007లో వేసిన శిక్షల్ని 2014లో హైకోర్టు కొట్టేసింది. ఆ తీర్పులో చంపడమనే క్రియ ఉంది, చచ్చినోళ్లు ఉన్నారు, కర్త లేడు!

అందుకే ఇది పరీక్షలో రెండు మార్కుల ముచ్చట కాదు. 1989 అట్రాసిటీ చట్టానికి 2015లో చేసిన సవరణ ప్రకారం, మనం నోటితో చెప్పిన ఫిర్యాదును పోలీసులు రాసుకుని, సంతకానికి ముందు మనకు చదివి వినిపించాలి. నకలు కూడా ఇవ్వాలి. అప్పుడు చెవులు పెట్టి వినాలి. 'కొట్టడం జరిగింది' అని రాస్తే ఒప్పుకోవద్దు. 'ఫలానావాడు మా అన్నను కర్రతో కొట్టాడు' అని రాయించాలి. బడిలో మూడు ప్రశ్నలు నేర్చిన పిల్ల రేపు తల్లి పక్కన నిలబడి ఆ కాగితం చదివి చెప్పగలగాలి.

పసిపిల్లలకు రాజకీయాలెందుకని కొందరు పెద్దమనుషులు అంటారు. రావణుణ్ణి చంపితే వ్యాకరణం, అమ్మ నారు నాటితే రాజకీయమా?

వాడల్లో సాయంత్రం బడులు నడిపే తమ్ముళ్లు, చెల్లెళ్లు పలక మీద మన వాక్యాలు రాయించాలి. నాన్న చెప్పు కుట్టాడు. అవ్వ పత్తి తీసింది. 1927 మార్చి 20న మహద్‌లో అంబేద్కర్ చవదార్ చెరువు నీళ్లు తాగారు. రాయించి ఊరుకోకుండా, ప్రతి వాక్యానికీ 'ఎవరు?' అని పిల్లల చేతనే అడిగించాలి. ఆ ప్రశ్న అలవాటైన పిల్లలు 'మన కర్మ' అని తలవంచుకోరు.