వారం లెక్క

నెలలో మొదటి ఆదివారం మందిరం నుంచి తిరిగొచ్చాక ఇంట్లో కిలోన్నర కోడికూర ఉడుకుతుంది. సాయంత్రం పిల్లలకు ఐస్‌క్రీం కూడా ఉంటుంది. నాలుగో ఆదివారం నాటికి పప్పుచారు, అప్పడం మిగులుతాయి. అయిదో ఆదివారం కూడా ఉన్న నెలైతే పక్కింట్లో చేబదులు తప్పదు. జీతం అదే, ఇల్లు అదే, తినే నోళ్లూ అవే. మరి మొదటి వారానికీ చివరి వారానికీ ఇంత తేడా ఎందుకు వస్తోంది? చాలా విశ్వాసుల ఇళ్లలో ఈ ప్రశ్నకు జవాబు వెతకరు. ప్రార్థిస్తారు, అప్పు చేస్తారు, మళ్లీ ప్రార్థిస్తారు.

మాకు తెలిసిన ఒక కుటుంబం ఉంది. ఆయన ఒక చిన్న పట్టణంలో ప్రైవేటు ఉద్యోగి. ఆమె ఇంట్లో మిషన్ కుడుతుంది. బడికెళ్లే పిల్లలిద్దరు. ఇద్దరి సంపాదన కలిపి నెలకు 26,000 రూపాయలు. తాగుడు లేదు, పేకాట లేదు. అయినా 18,000 రూపాయల చేబదుళ్లు పేరుకున్నాయి. అప్పిచ్చినాయన కూడా అదే సంఘస్థుడు, ఆరాధనలో వీళ్ల ముందు వరుసలోనే కూర్చుంటాడు. ఆయన ఎప్పుడూ నోరు తెరిచి అడగలేదు. కానీ ఎదురుపడలేక వీళ్లే మెల్లగా మందిరానికి రావడం మానేశారు. ముందు ఒంట్లో బాగాలేదన్నారు, తర్వాత ఊరెళ్లామన్నారు. పద్దెనిమిది వేల రూపాయలు ఒక కుటుంబాన్ని దేవుని సన్నిధికి దూరం చేశాయి.

మేము వాళ్లింటికి వెళ్లినప్పుడు, ప్రార్థన అయ్యాక ఆమె కళ్లు తుడుచుకుంటూ చెప్పింది. "లెక్క రాయకపోలేదండీ, మూడుసార్లు రాశాను. రెండో వారానికే తప్పిపోతోంది. మా చేతిలోనే బరకత్తు లేదు." ఆ నోటు పుస్తకం చూపించమ్మా అని అడిగాం. తెచ్చి ఇచ్చింది. చూస్తే లోపం చేతిలో లేదు, లెక్కలోనే ఉంది. దాదాపు ప్రతి ఇంట్లోనూ జరిగే పొరపాట్లే అవి. అందుకే ఇక్కడ రాస్తున్నాం.

మొదటి పొరపాటు, 26,000ను నాలుగుతో భాగించి వారానికి 6,500 అని వేసుకున్నారు. నెలంటే నాలుగు వారాలని మనందరికీ అలవాటు. కానీ నాలుగు వారాల చొప్పున పన్నెండు నెలలకు 48 వారాలే అవుతాయి. సంవత్సరానికి 52 వారాలు. మిగిలిన ఆ నాలుగు వారాలు కూడా పిల్లలు తింటారు, బండి పెట్రోలు తాగుతుంది. వారానికి 6,500 చొప్పున ఖర్చు పెడితే ఏడాదికి 3,38,000 కావాలి. వచ్చేది 3,12,000. తేడా సరిగ్గా 26,000, అంటే ఒక నెల జీతం! ఏ దుబారా చేయకుండానే ఏడాదికి ఒక నెల జీతమంత లోటు లెక్కలోనే పుట్టింది. సరైన లెక్క ఏమిటంటే, నెల ఆదాయాన్ని పన్నెండుతో హెచ్చించి 52తో భాగించాలి. వీళ్లకు వారానికి 6,000 వస్తుంది.

రెండో పొరపాటు, తినేది కాకుండా తినాలనుకున్నది రాయడం. ఆమె తిండి ఖర్చు వారానికి 1,200 అని రాసింది. అందులో కోడికూర లేదు, పిల్లల చిరుతిళ్లు లేవు, చుట్టం వస్తే పోసే కాఫీ లేదు. పాలకే వారానికి నాలుగు వందలు దాటుతున్న ఇంట్లో నలుగురికి 1,200 ఎలా సరిపోతుంది? కేంద్ర ప్రభుత్వం 2023-24లో జరిపిన గృహ వినియోగ వ్యయ సర్వే ప్రకారం గ్రామాల్లో ప్రతి 100 రూపాయల ఖర్చులో సుమారు 47, పట్టణాల్లో సుమారు 40 తిండికే పోతున్నాయి. ఈమె రాసుకున్నది మొత్తంలో అయిదో వంతు కూడా లేదు. అదే సర్వే ఇంకో సంగతి చెబుతోంది. ఊళ్లోనైనా, పట్నంలోనైనా తిండి పద్దుల్లో ఎక్కువ డబ్బు పోతున్నది బియ్యానికో, కూరగాయలకో కాదు, పానీయాలు, చిరుతిళ్లు, ప్యాకెట్లలో వచ్చే తయారీ ఆహారానికి. మనం పుస్తకంలో రాయని పద్దే అన్నిటికంటే పెద్ద పద్దు!

మూడో పొరపాటు, ఏడాదికోసారి వచ్చే ఖర్చులకు ఆ పుస్తకంలో చోటే లేదు. జూన్‌లో బడి ఫీజు వచ్చినప్పుడు అప్పు, డిసెంబరులో కొత్త బట్టలకు అప్పు. క్రిస్మస్ ప్రతి ఏడాదీ డిసెంబరు 25నే వస్తుంది. అది ఏనాడూ మనల్ని మోసం చేసి ముందుగా రాలేదు. అయినా ప్రతి ఏడాదీ అనుకోని ఖర్చులాగే వచ్చి మీద పడుతుంది.

నాలుగో పొరపాటు అన్నిటికంటే పెద్దది. ఆ లెక్క ఆమె ఒక్కతే రాసింది. ఆయన బయట పెట్టే ఖర్చు ఆమెకు తెలియదు, ఆమె కిరాణా కొట్టులో పెట్టిన ఖాతా ఆయనకు తెలియదు. టీ, బజ్జీ, స్నేహితుడికి కూల్‌డ్రింకు కలిపి రోజుకు యాభై రూపాయలు పెద్ద ఖర్చేమీ కాదు. వారానికి 350, ఏడాదికి 18,200. వాళ్ల అప్పెంతో ఇంతకుముందే చెప్పాం. 2016లో యూపీఐ వచ్చాక ఈ చిల్లర మరీ కంటికి కనిపించకుండా పోతోంది. జేబులో నోటు తగ్గుతుంటే చేతికి తెలిసేది. ఫోను తాకిస్తే తెలియడం లేదు.

లూకా సువార్త 14వ అధ్యాయంలో ప్రభువు ఒక గోపురం కట్టేవాడి సంగతి చెప్పాడు. తెలివైనవాడు పునాది వేయడానికి ముందే కూర్చుని, పూర్తి చేసేంత సొమ్ము తన దగ్గరుందో లేదో లెక్క చూసుకుంటాడు. అలా చూసుకోనివాడి పునాది పునాదిగానే మిగిలి, చూసినవాళ్లకు నవ్వులాట అవుతుంది. శిష్యుడిగా బతకడానికి అయ్యే వెలను గురించి చెబుతూ ప్రభువు ఈ పోలిక తెచ్చాడు. అందరికీ తెలిసిన సంగతి గనుకే పోలికగా పనికొచ్చింది. మనం మాత్రం నిలబడే ఖర్చు పెడతాం, నడుస్తూనే అప్పు చేస్తాం. ఆ దంపతులు పదకొండేళ్ల కాపురంలో డబ్బు గురించి పోట్లాడుకున్నారు గాని, ఒక్కసారి కూడా కలిసి కూర్చోలేదు.

ఆ సాయంత్రం కూర్చోబెట్టాం. అయితే వెంటనే ఏదీ తగ్గించవద్దని చెప్పాం. ముందు నాలుగు వారాలు ఖర్చుపెట్టిన ప్రతి రూపాయీ ఇద్దరూ రాయాలి, అంతే. ఎవరూ ఎవర్నీ మాట అనకూడదు. అయిదో శనివారం ఆ కాగితాలు ముందు పెట్టుకుని వారం లెక్క కట్టారు. నెలకోసారి ఇచ్చే అద్దె 5,200 అయితే వారానికి 1,200. కరెంటు, గ్యాసు, ఫోన్లు కలిపి 450. బడి ఖర్చు ఏడాదికి 20,800 అవుతుంది కాబట్టి వారానికి 400. తిండికి 2,000, అందులో ఆదివారం కోడికూర కూడా ఉంది. పెట్రోలుకు 400. మందులకు 150. పండుగలు, బట్టలు, పెళ్లి చదివింపులకు 200. చేతి ఖర్చు ఆయనకు 150, ఆమెకు 150, దీనికి ఒకరికొకరు లెక్క చెప్పనక్కర్లేదు. అప్పు తీర్చడానికి 300. కానుకలకు 600. మొత్తం 6,000.

కానుకల దగ్గర ఇద్దరూ కాసేపు ఆగారు. అప్పుండగా దశమ భాగం ఇవ్వాలా అని ఆయన అడిగాడు. ఆ నిర్ణయం మేము చేయలేదు, వాళ్లిద్దరే ప్రార్థించుకుని ఇస్తామన్నారు. మేము చెప్పింది ఒక్కటే. కానుక సంచిలో వేసి, పాలవాడికి మొహం చాటేస్తే అది సాక్ష్యం కాదు. రెండూ ఒకే పుస్తకంలో, ఒకే వరుసలో ఉండాలి.

మరి జీతం నెలకోసారి వస్తుంటే వారం లెక్క ఎలా నడుస్తుంది? వీళ్లు శనివారంతో లెక్క మొదలుపెడతారు. నాలుగు శనివారాలున్న నెలలో 24,000 సరిపోతుంది, 2,000 మిగులుతుంది. అది మిగులు కాదు, ముట్టకూడదు. అయిదు శనివారాల నెలలో 30,000 కావాలి, 4,000 తక్కువ పడుతుంది. ఏడాదిలో మామూలుగా నాలుగు శనివారాల నెలలు ఎనిమిది, అయిదు శనివారాల నెలలు నాలుగు. ఎనిమిది రెండ్లు పదహారు వేలు, నాలుగు నాలుగులు పదహారు వేలు. లెక్క సరిపోయింది! కొత్తగా మొదలుపెట్టేవాళ్లు అయిదు శనివారాల నెలతో మాత్రం మొదలుపెట్టకుండా ఉంటే మంచిది. అద్దె, బడి ఫీజు, పండుగల సొమ్ము బ్యాంకులోనే ఉంటుంది. తిండి, పెట్రోలు, మందులు, చేతి ఖర్చు కలిపి 2,850 మాత్రం ప్రతి శనివారం బయటికి తీస్తారు. మన అమ్మమ్మలు పోపుల డబ్బాలో దాచినట్టే ఆమె నాలుగు డబ్బాలు పెట్టుకుంది. ఫోనుతోనే చెల్లించేవాళ్లు వేరే ఖాతా ఒకటి తెరిచి, ఆ వారం సొమ్మే అందులో వేసుకుంటే సరి.

అరణ్యంలో ఇశ్రాయేలీయులకు మన్నా ఇచ్చినప్పుడు కూడా దేవుడు కొలత పెట్టాడు. నిర్గమకాండం 16వ అధ్యాయం చూడండి. గుడారంలో ఎందరున్నారో లెక్కపెట్టి తలకు ఒక ఓమెరు చొప్పున కూర్చుకోమన్నాడు. ఆశతో కాదు, నోళ్లతో కొలిచారు. ఆరో దినాన మాత్రం రెండింతలు కూర్చుకోవాలి, ఎందుకంటే ఏడో దినం విశ్రాంతి, ఆ రోజు మన్నా దొరకదు. మిగతా రోజుల్లో మాట వినకుండా దాచింది పురుగు పట్టింది. రాబోయే రోజు కోసం చెప్పినట్టు దాచింది చెడలేదు. రేపు ఖర్చుందని తెలిసి ఈరోజే కొంత తీసిపెట్టడం అవిశ్వాసం కాదు. ఆ క్రమం దేవుడే నేర్పాడు.

అప్పుల వాయిదాల గురించి ఒక మాట. సూక్ష్మరుణ సంస్థల వారం వారం వసూళ్లు మన రాష్ట్రంలో ఎన్ని ఇళ్లను కుంగదీశాయో పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. 2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చి, వారం వాయిదాల స్థానంలో నెల వాయిదాలు పెట్టాల్సి వచ్చింది. 2022లో రిజర్వ్ బ్యాంకు, సూక్ష్మరుణం తీసుకున్న కుటుంబం కట్టే అన్ని అప్పుల వాయిదాలూ కలిపి నెల ఆదాయంలో సగం దాటకూడదని నిబంధన పెట్టింది. సగం వరకు పర్వాలేదని కొందరు ఇప్పటికీ అనుకుంటారు. అది అప్పిచ్చేవాళ్లకు గీసిన గీత. సగం వాయిదాలకే పోతే మిగిలిన సగంలో అద్దె, తిండి, బడి ఎలా ఇముడుతాయో పై లెక్కలో పెట్టి చూసుకోండి.

ఈ కుటుంబం ఆ లెక్క మొదలుపెట్టి ఇరవై వారాలైంది. అన్నీ సాఫీగా సాగలేదు. ఒక వారం అమ్మాయికి జ్వరమొచ్చి మందుల డబ్బా ఖాళీ అయింది. ఇంకో వారం దగ్గరి బంధువుల పెళ్లి. తప్పిన ప్రతిసారీ పుస్తకం మూసేయకుండా, శనివారం రాత్రి పావుగంట కూర్చుని, ఏ డబ్బాలోంచి సర్దాలో చూసుకున్నారు. తిండి పద్దు ఒకసారి పెంచుకున్నారు, చేతి ఖర్చు ఇద్దరూ కాస్త తగ్గించుకున్నారు. మొదటి నాలుగు వారాలు కాగానే ఆయన 1,200 రూపాయలతో పాటు ఆ నోటు పుస్తకం కూడా తీసుకుని అప్పిచ్చిన సహోదరుడింటికి వెళ్లాడు. "అన్నా, ఇంకా యాభై ఆరు వారాలు పడుతుంది" అని చూపించాడు. ఆయన పుస్తకం చూసి, "ఇంత లెక్క మా ఇంట్లోనూ లేదు తమ్ముడూ" అన్నాడట. ఆ ఆదివారమే నలుగురూ మందిరానికి వచ్చారు. ఇప్పటికి 6,000 తీరింది, నలభై వారాలు మిగిలి ఉన్నాయి.

వాళ్ల ఆదాయం ఒక్క రూపాయి కూడా పెరగలేదు. మీ ఇంటి అంకెలు వేరుగా ఉండొచ్చు, కానీ పుస్తకం, శనివారం, ఇద్దరూ కలిసి కూర్చోవడం ఎవరికైనా ఒకటే. ఈ శనివారం రాత్రి భోజనాలయ్యాక టీవీ ఆపి ఒక్క పావుగంట కూర్చోండి. ఈ వారం నిజంగా ఏమేం ఖర్చయిందో, దాచకుండా ఇద్దరూ చెప్పుకోండి. ఆ నిజం దగ్గరే లెక్క మొదలవుతుంది.

అన్నట్టు, ఇప్పుడు ఆ ఇంట్లో మొదటి ఆదివారం కిలోన్నర కోడికూర ఉండటం లేదు. అరకిలోనే తెస్తున్నారు. కానీ నాలుగో ఆదివారం కూడా ఉంటోంది, అయిదో ఆదివారం కూడా.