కాలువ ఖాళీగా లేదు, మనోళ్లు ఉండారు



"బకింగ్‌హాం కాలువలో బొగ్గు బార్జీలు తిరిగితే మన కుర్రోళ్లకి ఉద్యోగాలొస్తాయి" అని మనోళ్లే కొందరు రాస్తా ఉండారు. మైపాడు పక్క కాలువ గట్టు మీద పుట్టి, ఇప్పుడు హాస్టళ్లలో చదువుకుంటున్న మేము దీనికి జవాబు చెప్పాలి.

కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా కాలువలు, వాటితో గోదావరి, కృష్ణా కలిపి 2008లో నాలుగో జాతీయ జలమార్గం అన్నారు. మన కాలువ అందులోదే. మోస్తామన్న సరుకుల్లో బొగ్గు ఉంది. 2017 అక్టోబరులో ముక్త్యాల–విజయవాడ ముక్కకి శంకుస్థాపన కూడా చేశారు. మన దగ్గరికి టగ్గు బోటు ఇంకా రాలేదు. రాకముందే మాట్లాడాలి, పొక్లెయిన్ దిగినాక ఎవరు వింటారు?

లారీ కంటే నీళ్ల మీద డీజిల్ తక్కువంటారు. నిజమే, కాదనం. పాతకాలంలో మద్రాసుకి ఉప్పు, కట్టెలు పోయింది ఈ కాలువలోనే. పడవోళ్లు గట్టు మీద నడుస్తా తాడేసి లాగేవాళ్లు. ఆ పడవకి మన మావు అడ్డం కాలేదు. బార్జీల సంగతి వేరే. వాటిని తోసే టగ్గు తిరగాలంటే లోతు తవ్వాలి, వెడల్పు చెయ్యాలి. ఆ వెడల్పు ఎవరి మీదికి వస్తుంది? పోరంబోకులో పట్టా లేకుండా గుడిసె వేసుకున్న యానాదోళ్ల మీదికి. రొయ్యల గుంటలోళ్లకి కాగితాలుంటాయి, లాయరుంటాడు, పరిహారం ఉంటుంది. మనకి "ఆక్రమణదారులు" అనే పేరుంటుంది.

బార్జీలు నిజంగా తిరిగిన చోటు చూడండి. పశ్చిమ బెంగాల్లో ఫరక్కా ఎన్‌టీపీసీ ప్లాంటుకి 2013 నుంచి నది మీద విదేశీ బొగ్గు మోశారు. వలలు తెగిపోతున్నాయని అక్కడి జాలర్లు మొత్తుకున్నారు. కొన్నేళ్లకే ఆ పని ఆగింది. కంపెనీ, ఎన్‌టీపీసీ వందల కోట్ల లెక్క తేల్చుకోను ఆర్బిట్రేషన్‌కి పోయాయి. తెగిన వలకి ఆర్బిట్రేషన్ ఏది?

ఇక ఉద్యోగాలు. పెన్నకి అవతల కృష్ణపట్నం పోర్టు 2008లోనే తెరిచారు. బొగ్గు ఓడలు ఏళ్లుగా వస్తానే ఉండాయి. అక్కడి థర్మల్ కేంద్రానికి మొదటి దళిత ముఖ్యమంత్రి సంజీవయ్య పేరు పెట్టారు, సంతోషం. పేరు పెట్టను ఖర్చేముంది? మీ కాలనీలో పర్మినెంటు ఉద్యోగం ఎంతమందికి ఉందో మీరే లెక్కెయ్యండి.

మేము బార్జీ వద్దనడం లేదు. గట్టు మీది ప్రతి ఇంటికీ ముందు పట్టా ఇవ్వాలి. చేత్తో తడిమి పీత, రొయ్య పట్టే హక్కు కాగితం మీదికి ఎక్కాలి. తవ్వకం ఆ తర్వాతే.

ఈ సెలవులకి ఇంటికి పోయేవాళ్లు ఒక నోటుబుక్కు తీసుకుపోండి. గట్టు మీద ఎన్ని ఇళ్లు, ఎన్నేళ్ల నుంచి, ఎవరికి ఆధార్, రేషన్ కార్డు లేదు, అన్నీ రాసుకు రండి. తిరిగొచ్చిన మొదటి సోమవారం అందరం కలిసి కలెక్టరాఫీసు గ్రీవెన్సులో ఇద్దాం.