మా నానీల పుండుకి మతమేది?

నిమ్మనపల్లెలో మా నానీకి చక్కెర జబ్బు. కాలి పుండు మానడంలేదు. ఒక ఆసుపత్రికి తీసుకెళ్తే కట్టుకంటే ముందు మాట పడింది. 'మీ వాళ్ళింతే. తావీజులు కట్టుకుంటారు, ఉపవాసాలుంటారు, మందులు మింగరు.'

తావీజు కట్టుకుంటాం. దాచేదేముంది? తిరుపతి కొండకి ముడుపు కట్టిన అవ్వని ఇట్లా ఎవరైనా నిలదీస్తారా? దర్గాలో మాతోపాటు మీ అవ్వలూ ఫాతెహా చదివిస్తారు గదా! మందులాగిపోయింది తావీజు వల్ల కాదు. మదనపల్లెకి పోవాలంటే బస్సు చార్జీ, తోడొచ్చే మనిషికి ఆ పూట కూలి దండగ. టమాటా తోటల్లో వంగిపోయిన నడుముకి ఏనాడు విశ్రాంతి దొరికింది గనక? చదువుల్లో, కొలువుల్లో మేమెంత వెనకబడ్డామో 2006లో సచార్ కమిటీయే లెక్కలతో చెప్పింది.

మా ఇంటి తప్పూ మేమే చెప్పుకోవాలి. రోగికి రోజా నుంచి ఖురానే సడలింపునిచ్చింది. కోలుకున్నాక ఉండమంది. అదీ చేతగాకపోతే పేదకి అన్నం పెట్టమంది. అయినా నానీ రోజా వదిలితే గల్లీ ఏమంటుందోనని భయం. మగ డాక్టరుకి కాలు చూపాలంటే కొడుకు ఒప్పుకోవాలి. ముసలితనానికి తప్ప ప్రతి జబ్బుకీ మందుంది, వైద్యం చేయించుకోమన్నారు ప్రవక్త. మేం అన్ని జబ్బుల్నీ ముసలితనం ఖాతాలో రాసేసి, 'అల్లా మర్జీ' అని చేతులు దులుపుకుంటున్నాం. ఆడమనిషి నొప్పికి మేం కట్టిన ఖరీదు అంతే.

మా నమ్మకాన్ని సాకుగా చూపి నానీని ఆసుపత్రి గుమ్మంలో ఆపకండి. అదే సాకుతో మేమూ ఇంట్లో ఆపం. మీరు పుండు చూడండి. దువా మేం చేసుకుంటాం.