కొండకల్ నుంచి జెడ్డా: దూరం మారదు, గంటలే మారతాయి

తండ్రి కొండకల్‌లో కన్నుమూశారు. కొడుకు జెడ్డాలో ఉన్నాడు. జనాజా నమాజ్‌కు అందుకుంటాడా? దఫన్ ఆలస్యం చేయొద్దంటారు పెద్దలు. అబ్బాయి వచ్చేదాకా ఆగుదామంటారు ఇంట్లోవాళ్లు. చేవెళ్ల, మొయినాబాద్ వైపు గల్ఫ్‌లో మనుషులున్న ఏ ఇంటికైనా ఈ ప్రశ్న ఎదురుకావచ్చు. దీనికి జవాబు కిలోమీటర్లలో దొరకదు.

శంషాబాద్ నుంచి జెడ్డాకు గగనమార్గంలో దాదాపు 4,130 కిలోమీటర్లు. నేరుగా వెళ్లే విమానం మహారాష్ట్ర, అరేబియా సముద్రం, ఒమన్ మీదుగా సాగుతుంది. పోయేటప్పుడు ఐదున్నర నుంచి ఆరు గంటలు, వచ్చేటప్పుడు ఐదు గంటలకు కాస్త అటూఇటూ పడుతుంది. పైన గాలులు ఎక్కువగా పడమర నుంచి తూర్పుకు వీస్తాయి. పోయేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు అదే వెనక నుంచి తోస్తుంది. చలికాలంలో ఈ తేడా ఇంకా పెరుగుతుంది.

టికెట్ చూసి చాలామంది తికమక పడతారు. సౌదీ సమయం మనకన్నా రెండున్నర గంటలు వెనక. ఉదయం 8కి ఇక్కడ ఎక్కి ఆరు గంటలు ప్రయాణిస్తే అక్కడ 11:30కే దిగుతారు. రాత్రి 8కి అక్కడ ఎక్కి ఐదు గంటలు ప్రయాణిస్తే ఇక్కడ తెల్లవారుజామున 3:30 అవుతుంది.

అసలు తేడా వచ్చేది మధ్యలో విమానం మారినప్పుడే. హైదరాబాద్ నుంచి దుబాయ్ సుమారు 2,550 కిలోమీటర్లు, దుబాయ్ నుంచి జెడ్డా సుమారు 1,700. రెండూ కలిపితే 4,250. అంటే నేరుగా పోయే దారికన్నా వంద కిలోమీటర్ల పైచిలుకు మాత్రమే ఎక్కువ. కానీ రెండో విమానం కోసం నాలుగు గంటలు ఆగాలో, పది గంటలు ఆగాలో టికెట్‌ను బట్టే ఉంటుంది. చవక టికెట్‌లో తగ్గిన డబ్బు చాలాసార్లు ఈ నిరీక్షణ రూపంలో కట్టాల్సి వస్తుంది. వయసు మళ్లిన అమ్మీ, అబ్బాలను ఉమ్రాకు పంపేవాళ్లు ముందుగా చూడాల్సింది ఇదే.

ఇంకో రిస్కు కూడా ఉంది. 2025 జూన్ 23న ఇరాన్ ఖతర్‌లోని అమెరికా స్థావరంపై క్షిపణులు వేసినప్పుడు ఖతర్, యూఏఈ, కువైట్, బహ్రెయిన్ కొన్ని గంటలపాటు గగనతలం మూసేశాయి. అక్కడ దిగి మారాల్సిన ప్రయాణాలు అస్తవ్యస్తమయ్యాయి.

ఇక జనాజా లెక్క. జెడ్డా ఎయిర్‌పోర్ట్‌లో మూడు గంటలు ముందుండాలి. విమానంలో ఐదు గంటలు. శంషాబాద్‌లో బయటపడటానికి గంట, అవుటర్ రింగ్ రోడ్డు మీదుగా కొండకల్‌కు ఇంకో గంట. నేరుగా వస్తే మొత్తం పది గంటలు. మారి వస్తే పదిహేను నుంచి ఇరవై దాటొచ్చు. ఇదంతా టికెట్ వెంటనే దొరికి, ఎగ్జిట్ రీ-ఎంట్రీ చేతిలో ఉంటేనే. 2021 మార్చి 14 నుంచి అమల్లోకి వచ్చిన మార్పులతో సౌదీ ప్రైవేటు కంపెనీల ఉద్యోగులు దాన్ని అబ్షర్‌లో సొంతంగా తీసుకునే వీలు కలిగింది. ఇళ్లల్లో పనిచేసేవాళ్లు, ఇళ్లల్లోని డ్రైవర్లు ఆ మార్పుల పరిధిలోకి రాలేదు. వాళ్లకు కఫీల్ ఒప్పుకోవాల్సిందే.

1995 వరకు ముంబై నుంచి జెడ్డాకు హజ్ యాత్రికులు ఓడల్లో రోజుల తరబడి వెళ్లేవారు. ఇప్పుడది ఒక పూట ప్రయాణం. అయినా కబరుపై మూడు పిడికిళ్ల మట్టి వేసే భాగ్యం కొడుక్కి దక్కుతుందా లేదా అన్నది విమానం వేగం కన్నా కాగితం ఎవరి చేతిలో ఉందన్న దానిపైనే ఎక్కువ ఆధారపడి ఉంది. అందుకే ఆ కాగితం సంగతి ఇంట్లో అందరూ బాగున్నప్పుడే అడిగి తెలుసుకోవడం మంచిది.